ఇల్లు ఇప్పుడే రాసిచ్చేయాలా?

ప్రశ్న: నాకు 68. మోకాళ్లు మొరాయిస్తున్నాయి. మంచాన పడితే మేం చూసుకుంటాం, ఇల్లు మా పేర రాసెయ్యమంటున్నారు పిల్లలు. ఆరోగ్య బీమా ఉందిగా, చాలదా?

జవాబు: చాలదండీ. మామూలు ఆరోగ్య బీమా ఆసుపత్రి వైద్యానికే. స్నానం చేయించి, బట్టలు మార్చి, మంచం మీంచి లేపి కూర్చోబెట్టే మనిషి జీతం అందులో రాదు. అసలు ఖర్చు అదే, ఏళ్ల తరబడి. ఏటా 6 శాతం పెరిగినా 12 ఏళ్లలో రెట్టింపు. రాత్రి కాపలాకి ఇంకో మనిషి!

పిల్లలు మంచివాళ్లే కావచ్చు. నేనైతే బతికుండగా ఇల్లు రాయను, వీలునామా రాస్తాను. అద్దెకిచ్చినా, అమ్మినా మీ సేవకు డబ్బు పుట్టేది ఆ ఇంట్లోంచే. బ్యాంకు ఖాతాకి మాత్రం నమ్మకమైన మనిషిని ఇప్పుడే జత చేయండి. మతిమరుపు ముదిరాక మీ సంతకం చెల్లకపోవచ్చు.