మీ ప్రశ్న - మా జవాబు: నాటక సమాజాన్ని నడిపేదెవరు?

ప్రశ్న: మా నాటక సమాజానికి అన్నీ మా కార్యదర్శి గారే. స్క్రిప్టు ఎంచుకోవడం దగ్గర్నుంచి వ్యాన్ మాట్లాడటం వరకూ ఆయనే చూస్తారు. ఈ మధ్య ఆరోగ్యం బాగోక "ఇక మీ ఇష్టం" అంటున్నారు. వేషం వెయ్యడానికి అందరం ఉన్నాం, నడపడానికి ఎవరూ ముందుకు రావడం లేదు.
- ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

జవాబు: ఆయన ఓపికగా ఉండగానే మొదలుపెట్టండి. నాటక పోటీలు పెట్టే ఏ పరిషత్తు వాళ్లు ఎంట్రీలు ఎప్పుడు పిలుస్తారు, సెట్ ఎవరి దగ్గర అద్దెకు దొరుకుతుంది, మేకప్ ఆయన ఎంత తీసుకుంటారు, ఏ ఊళ్లో స్టేజి వెనక నుంచి సామాను ఎక్కించే దారి లేదు... ఇదంతా ఆయన బుర్రలోనే ఉంది. పక్కన కూర్చుని అడిగి ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి.

తర్వాత ఆ పనిని ముక్కలు చెయ్యండి. మొత్తం ఒక్కరి నెత్తిన పెడతామంటే ఎవరొస్తారు? లెక్కలు ఒకరు, సెట్, వ్యాన్ ఒకరు, రిహార్సల్స్‌కి అందర్నీ పోగేసే బాధ్యత ఇంకొకరు. వేషం లేనివాళ్లకే పని చెప్పే అలవాటు మన సమాజాల్లో చాలాచోట్ల ఉంది, అది ముందు మానాలి. ఈసారి హీరో వేషం వేసినతను వచ్చేసారి సెట్ చూసుకోవాలి. అర్ధరాత్రి ప్రదర్శన అయిపోయాక బహుమతి వచ్చినవాళ్లు ఫొటోలు దిగుతుంటే, స్టేజి పక్కన తెరచాటున వింగ్‌లో ఒకాయన విగ్గులు, గెడ్డాలు, కర్టెన్ క్లిప్పులు లెక్కపెట్టి ట్రంకుపెట్టెలో సర్దుతుంటాడు చూడండి, సమాజం ఆయన మీద నిలబడి ఉంది. బ్రోచర్‌లో ఆయన పేరు కూడా వెయ్యండి. అనౌన్స్‌మెంట్‌లో చదివించండి.

ప్రశ్న: రిజిస్ట్రేషన్ అవసరమా? మాది స్నేహితుల బృందం, చందాలతోనే నడుస్తోంది.
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: చెయ్యించండి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం 7 మంది సభ్యులుంటే చాలు, మీ నటులే సరిపోతారు. సమాజం పేరుతో బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకాలు పెట్టుకోండి. చందాలు ఒకరి సొంత ఖాతాలో పడుతుంటే, ఆయన ఎంత నిజాయితీపరుడైనా ఎప్పుడో ఒకరోజు గుసగుసలు మొదలవుతాయి. ఆ మాట చెవిన పడ్డాక ఆ మనిషి మళ్లీ సమాజం గడప తొక్కడు. డీజిల్, టిఫిన్లు, మైకు, మేకప్ అన్నీ రాసి, ప్రదర్శన అయిన వారంలోపే వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ఎవరూ అడక్కముందే పెట్టాలి.

ప్రశ్న: నేను నటిని. వేరే ఊళ్ల సమాజాలకు వెళ్లి వేషాలు వేస్తుంటాను. బట్టలు మార్చుకోవడానికి చోటు చూపించరు, తిరుగు ప్రయాణం ఎలాగని అడగరు. డబ్బులడిగితే "ప్రైజు రాలేదు కదమ్మా" అంటున్నారు.
- పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, ప్రైజుకీ మీ పారితోషికానికీ ఏ సంబంధమూ లేదు. ఎంతిస్తారు, సగం అడ్వాన్సు ఎప్పుడు, రిహార్సల్స్ ఎన్ని, రాత్రి ఎవరు దింపుతారు అనేవి ఒప్పుకునే ముందే మెసేజ్‌లో రాయించుకోండి. రాయడానికి వెనకాడే సమాజానికి వెళ్లొద్దు.

సమాజాలు నడిపేవాళ్లకు కూడా ఒక మాట. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారి కుటుంబం మొదలుపెట్టిన సురభి నాటకాల్లో ఆడవేషాలు ఆ ఇంటి ఆడవాళ్లే వేశారు. మిగతాచోట్ల మగవాళ్లే చీరలు కట్టుకునే రోజులవి. పిల్లాజెల్లాతో, వంటసామానుతో కంపెనీయే ఒక ఇల్లుగా ఊరూరా తిరిగింది కాబట్టి ఆడవాళ్లకు అక్కడ తిండీ, చోటూ, తోడూ ఉన్నాయి. మీరు ఒక్క రాత్రికి పిలిపించుకునే నటికి తలుపుకి గొళ్లెం ఉన్న గదైనా ఇవ్వలేకపోతే ఎలా? స్త్రీ పాత్రలకు మనుషులు దొరకడం లేదని ప్రతి మీటింగులో వాపోతారు. వచ్చినవాళ్లను సరిగ్గా చూసుకుంటే మళ్లీ ఎందుకు రారు?

ప్రశ్న: బ్యాంకులో పని చేస్తూ సమాజం నడుపుతున్నాను. "ఉద్యోగస్తులకు నాటకాలేంటి" అని మా బావగారు అంటున్నారు.
- ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: తెలుగు నాటకాన్ని మొదట్లో నిలబెట్టింది ఉద్యోగాలూ వృత్తులూ ఉన్నవాళ్లేనని చెప్పండి. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు పంతులుగా ఉంటూనే తన విద్యార్థులతో నాటకం ఆడించారు. బళ్లారిలో సరస వినోదినీ సభ పెట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు వకీలు. మీ ఊళ్లోనే 1892లో కన్యాశుల్కాన్ని మొదటిసారి ఆడింది జగన్నాథ విలాసినీ సభ, అదీ స్థానికుల సమాజమే. అయితే ఇంట్లోవాళ్లు ఊరికే సణగడం లేదేమో కూడా చూసుకోండి. వారంలో ఏయే రోజులు రిహార్సల్, ఎన్నింటికి ఇల్లు చేరతారు అన్నది ముందే చెప్పి, ఆ టైముకే చేరండి. ఈసారి ప్రదర్శనకి బావగారిని ముందు వరుసలో కాదు, లైట్ల బోర్డు దగ్గర కూర్చోబెట్టండి. ఏ సీనుకి ఏ లైటు వెయ్యాలో కాగితం ఆయన చేతికివ్వండి.