‘ఇండైట్’ అంటే దోషి అన్నట్టా?

ప్రశ్న: 2023లో ట్రంప్‌ను న్యూయార్క్‌లో ‘ఇండిక్ట్’ చేశారని చదివి, దోషిగా తేల్చారని మావారితో అన్నాను. కాదు, ఉత్త ఆరోపణే అంటారాయన. ఎవరిది రైటు? దానికి తెలుగు మాటేమిటి?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఇద్దరిదీ కాదమ్మా. ముందు పలకడం చూద్దాం: ‘ఇండైట్’. మధ్యలో ‘సి’ రాతకే, నోటికి లేదు. గుంటూరు కోర్టులో చేరిన కొత్తలో నేనూ మీలాగే పలికి ఓ ప్లీడరుగారి చేత చీవాట్లు తిన్నాను.

తెలుగులో ‘అభియోగం మోపడం’. గడ్డిమోపు చూశారుగా? బరువు నెత్తికెత్తారు, అంతే. ఆ గడ్డి అతను కోసిందో కాదో విచారణలో తేలాలి. అలాగని ఉత్త ఆరోపణా కాదు. ఆరోపణ టీకొట్టు దగ్గర ఎవరైనా చేస్తారు. అభియోగానికి కాగితం కావాలి, అందులో ఫలానా నేరం, ఫలానా చట్టం అని ఉండాలి.

అక్కడ గ్రాండ్ జ్యూరీ అని 16 నుంచి 23 మంది మామూలు జనం తలుపులేసుకుని ప్రాసిక్యూటర్ చూపించే సాక్ష్యం వింటారు. కనీసం 12 మంది సరేనంటే ఇండైట్ చేసినట్టు. 2023 మార్చిలో జరిగింది అదే. 34 అభియోగాల్లోనూ దోషి అని 2024 మే 30న చెప్పింది వేరే జ్యూరీ.

మనకు గ్రాండ్ జ్యూరీ లేదు. పోలీసులు ఛార్జిషీటు వేస్తారు, ఆనక అభియోగాలు ఖరారు చేసేది జడ్జిగారు. 2024 జులై 1న పాత సీఆర్‌పీసీ (నేర విచారణ చట్టం) బదులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చాకా వరుస ఇదే. ఛార్జిషీటు పడగానే ‘అభియోగాలు ఖరారు’ అని ఎవరైనా రాస్తే నాకు ఒళ్లు మండుతుంది.

బెంచి క్లర్కుగా అభియోగం తెలుగులో చదివి వినిపించేవాణ్ని. మిర్చి బస్తాల దొంగతనం కేసులో ఓ ముసలాయన్ని ‘నేరం ఒప్పుకుంటావా?’ అనడిగితే, ‘ఆ బస్తాలు మా తమ్ముడివి బాబయ్యా, ఆ రోజు వానొచ్చి...’ అంటూ మొదలెట్టాడు. ‘కథ తర్వాత తాతా, అవునో కాదో చెప్పు’ అన్నారు జడ్జిగారు. ‘కాదు’ అన్నాడు. విచారణ మొదలైంది.

అన్నట్టు, ఆ తాతను మనం ‘ముద్దాయి’ అంటాం. ఉర్దూలో ఆ మాటకు దావా వేసినవాడని అర్థం. తెలుగు కోర్టుకు వచ్చేసరికి బోనెక్కాడు పాపం.