భానుడి మీద నేరం మోపే ముందు

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం నీకు పట్టుబడింది, అందులో అనుమానం లేదు. భూమి వేడెక్కడానికి కారణం సూర్యుడా, మనిషా అని మొదలుపెట్టి, చెరో రెండు పేజీలు ఇచ్చి, చివర్లో 'కాలమే తేల్చాలి' అన్నావు. నాకు మింగుడు పడనిది ఆ ముగింపే. ఈ విషయంలో కాలం ఎప్పుడో తేల్చేసింది.

ముందు భాష సంగతి. ఏప్రిల్ వచ్చిందంటే మన పేపర్లలో 'భానుడి భగభగలు', 'నిప్పులు చెరుగుతున్న సూర్యుడు'. నీ మొదటి పేరాలోనూ అవే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దవాళ్ళు అన్నారు. ఒక కార్తె ఎండకి ఆ మాట చక్కగా సరిపోతుంది. నూరేళ్ళ మార్పు గురించి రాస్తూ అదే ధోరణి పట్టుకుంటే, విచారణ మొదలవకముందే సూర్యుణ్ణి బోనులో నిలబెట్టినట్టవుతుంది.

ఎవరేమన్నారో పోగు చేయడం ఆపి, 'సూర్యుడే కారణమైతే ఏం కనిపించాలి?' అని అడిగి చూడు. సూర్యుడి నుంచి మనకందే శక్తిని 1978 నుంచి ఉపగ్రహాలు కొలుస్తున్నాయి. అది చదరపు మీటరుకు దాదాపు 1361 వాట్లు. సూర్యుడి చురుకుదనం పెరిగి తగ్గే పదకొండేళ్ళ సౌరచక్రంలో మారేది అందులో వెయ్యోవంతు. ఇన్ని దశాబ్దాల్లో అది పెరుగుతూ పోయిన దాఖలా లేదు. 2014లో శిఖరానికి చేరిన సౌరచక్రం వందేళ్ళలోకీ బలహీనమైనది. అయినా 2016 అప్పటివరకూ నమోదైన ఏళ్ళన్నిటిలోకీ వేడి సంవత్సరం అయింది. ఆ ఏడు పసిఫిక్ సముద్రం ఉపరితలాన్ని వేడెక్కించే ఎల్ నినో చెయ్యి కూడా ఉంది, అది రాయడం మర్చిపోకు.

ఇంకా గట్టి ఆనవాలు మన తల పైన ఉంది. ఎండ తీవ్రతే పెరిగి ఉంటే కింది గాలీ, పై గాలీ రెండూ వేడెక్కాలి. కింద వేడెక్కుతోంది, దాని పై పొర అయిన స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. అక్కడ కార్బన్ డయాక్సైడ్ పెరిగేకొద్దీ అది ఎక్కువ వేడిని అంతరిక్షంలోకి వదిలేస్తుంది. కార్బన్ డయాక్సైడ్ భూమికి దుప్పటిలాంటిదని నువ్వు రాసిన పోలిక కింది గాలికి బాగానే ఉంది, ఇక్కడ మాత్రం పనికిరాదు. పోలిక చాలనిచోట దాన్ని పక్కన పెట్టి విషయం నేరుగా చెప్పెయ్యి.

ఇక రాత్రులు. గత శతాబ్దం మధ్య నుంచి ప్రపంచంలో నేలమీద రాత్రి ఉష్ణోగ్రతలు మొత్తమ్మీద పగటివాటికంటే ఎక్కువ పెరిగాయి. సూర్యుడు లేని వేళ! నీ వ్యాసంలో నాకు బాగా నచ్చింది మీ నాయనమ్మ. సాయంత్రం డాబా మీద చెంబుతో నీళ్ళు చల్లడం, గచ్చు నుంచి ఆవిరి లేవడం, నవారు మంచం వాల్చడం, నడిరాత్రికి కాళ్ళ దగ్గర దుప్పటి కోసం తడుముకోవడం. ఇప్పుడు తెల్లవారుజామున కూడా ఆ గచ్చు వెచ్చగానే ఉంటోందన్నావు. అది ఉంచు. కానీ రుజువుగా చూపించకు. చుట్టూ లేచిన అపార్ట్‌మెంట్ల సిమెంటు వేడి, ఏసీల వేడి అందులో కలిసిపోయి ఉన్నాయి. నాయనమ్మ డాబాతో చదివేవాళ్ళని లోపలికి తీసుకురా, రుజువు మాత్రం కొలతల నుంచి తే.

1991లో ఫ్రీస్-క్రిస్టెన్సెన్, లాసెన్ అనే ఇద్దరు డెన్మార్క్ శాస్త్రవేత్తలు సౌరచక్రాల నిడివికీ, ఉత్తరార్ధగోళం ఉష్ణోగ్రతకీ పొంతన చూపించే గ్రాఫ్ వేశారు. రెండు గీతలూ కవలల్లా నడుస్తుంటే మురిసిపోయి నేనూ ఒక వ్యాసం రాశాను. తర్వాత పీటర్ లౌట్ అనే మరో డెన్మార్క్ శాస్త్రవేత్త ఆ లెక్కలు పరిశీలించి, చివరి బిందువుల్ని మిగతావాటిలా సవరించకపోవడం వల్లే ఆ పోలిక కుదిరిందని చూపించాడు. ఆ సంగతి చెబుతూ నేను రెండో వ్యాసం రాయలేదు. నా మాట నమ్మినవాళ్ళకి బాకీ పడ్డానన్న బాధ ఇప్పటికీ ఉంది.

మన యు.ఆర్. రావు గారు కూడా 2011లో కరెంట్ సైన్స్ పత్రికలో, సూర్యుడి చురుకుదనం వల్ల అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు తగ్గి, దాంతో కింది మేఘాలు తగ్గి భూమి వేడెక్కడంలో అదీ గట్టి పాలు పంచుకుంటోందని వాదించారు. ఆర్యభట్ట ఉపగ్రహం కట్టిన మనిషి, ఆయన్ని తేలిగ్గా తీసేయకు. ఆయన వాదన ఆయన మాటల్లోనే చెప్పి, ఆ కిరణాలకి అంత ప్రభావం ఉందని తర్వాతి పరిశోధనలు నిలబెట్టలేదని కూడా రాయి. మర్యాద ఇవ్వడానికి సగం పేజీలు ఇవ్వక్కర్లేదు. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ 2021 నివేదిక లెక్కలో 1850-1900 కాలంతో పోలిస్తే 2010-2019 నాటికి మనుషుల వల్ల పెరిగింది దాదాపు 1.07 డిగ్రీలు. సూర్యుడూ అగ్నిపర్వతాలూ కలిపి అటూ ఇటూ 0.1 డిగ్రీ. పేజీలు కూడా ఆ నిష్పత్తిలోనే పంచు.

కార్బన్ లెక్క ఒక్క పేరాలో ముగించు: పరిశ్రమలు రాకముందు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్ళకి 280, 1958లో హవాయిలోని మౌనా లోవా కొండ మీద కీలింగ్ అనే శాస్త్రవేత్త కొలిచినప్పుడు 315 దరిదాపుల్లో, ఇప్పుడు 420 పైన.

మళ్ళీ రాసేటప్పుడు రాత్రితో మొదలుపెట్టు. మీ జిల్లా కనిష్ఠ ఉష్ణోగ్రతలు వాతావరణ శాఖ దగ్గర దొరికినన్ని ఏళ్ళవి తెచ్చుకుని, పగటివాటి పక్కన పెట్టి చూడు. నీ జిల్లాలో లెక్క వేరుగా వస్తే వేరుగానే రాయి. టైటిల్ ఇప్పుడే పెట్టకు. పట్టిక చూశాక నాకు ఫోన్ చెయ్యి, ఇద్దరం కూర్చుని పెడదాం.

నీ అన్నయ్య