ఎడారి సేవణ్ గడ్డి మన మెట్టకు పనికివస్తుందా?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: సంపాదకులకు నమస్కారం. మొన్న చలికాలంలో కుటుంబంతో జైసల్మేర్ వెళ్లాము. ఊరు దాటిన తరువాత ఇసుక నేలలో నడుమెత్తు గడ్డి దుబ్బులు ఎడంఎడంగా కనిపించాయి. చూడడానికి పూర్తిగా ఎండిపోయినట్లే ఉన్నా ఆవులు వాటినే మేస్తున్నాయి. అది సేవణ్ గడ్డి అనీ, ఏళ్ల తరబడి వానలు లేకపోయినా చావదనీ అక్కడివారు చెప్పారు. మాకు వినుకొండ దగ్గర నీటి వసతి లేని మెట్ట, నాలుగు గేదెలు ఉన్నాయి. ఆ గడ్డిని తెచ్చి వేసుకోవచ్చునా? దాని ఉపయోగాలేమిటి?
– ఒక రైతు, గుంటూరు

జవాబు: మీరు చూసిన గడ్డి శాస్త్రీయ నామం లేసియూరస్ సిండికస్. ఉత్తర ఆఫ్రికా నుంచి అరేబియా, ఇరాన్‌ల మీదుగా మన థార్ ఎడారి వరకు ఇది సహజంగా పెరుగుతుంది. మన దేశంలో జైసల్మేర్, బాడ్మేర్, బికానేర్ జిల్లాలు దీనికి పుట్టిల్లు. ఏడాదికి 250 మిల్లీమీటర్ల లోపు, కొన్ని చోట్ల 100 మిల్లీమీటర్లు మాత్రమే వాన పడే ఇసుక నేలల్లో, ఒకసారి నాటుకున్న దుబ్బు పదేళ్లకు పైగా బతుకుతుంది.

ఎండిపోయినట్లున్న దుబ్బును పశువులు ఎందుకు మేస్తున్నాయో తెలియాలంటే దానిని దగ్గరగా చూడాలి. మొదలు దగ్గర గడ్డి కాడలు గట్టిపడి దాదాపు కట్టెలా మారతాయి. గాలికి కొట్టుకువచ్చే ఇసుక ఆ మొదలు చుట్టూ ఆగి చిన్న దిబ్బ కడుతుంది. ఆ దిబ్బ కింద వేళ్లు ఇసుకలో లోతుకు దిగి, పైపొర ఎండిపోయినా అడుగున మిగిలిన కాస్త తేమను అందుకుంటాయి. తొలకరి పడగానే ఆ కట్టె కణుపుల నుంచే పచ్చని పిలకలు లేస్తాయి. వెన్నుల నిండా పట్టులాంటి తెల్లని నూగు ఉంటుంది కాబట్టి పూతకు వచ్చిన సేవణ్ మైదానం ఎండలో వెండిలా మెరుస్తుంది.

థార్‌పార్కర్, రాఠీ వంటి పేరున్న పాడి జాతులు ఈ గడ్డి మీదనే పెరిగాయి. లేతగా ఉన్నప్పుడు ఇందులో మాంసకృత్తులు బాగానే ఉంటాయి, వెన్ను వేసి ముదిరిన కొద్దీ తగ్గిపోతాయి. అందుకే ముందుచూపు ఉన్న పశుపోషకులు వానాకాలం చివర, గింజ పూర్తిగా ముదరక ముందే కోసి ఎండబెట్టి వాములు వేసుకుంటారు. కరవు ఏడాదిలో మందను నిలబెట్టేది ఆ వామే. మేతతో పాటు దీనికి ఇంకొక గొప్ప ఉపయోగం ఉంది. జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థ కదిలే ఇసుక దిబ్బలను ఆపడానికి రూపొందించిన పద్ధతిలో, ముందు ఎండు కంపను గడులు గడులుగా నాటి గాలి వేగాన్ని తగ్గిస్తారు. తరువాత ఆ గడుల మధ్య సేవణ్ వంటి గడ్డి విత్తనం చల్లి, చెట్ల మొక్కలు నాటుతారు. కంప రెండు మూడేళ్లలో చివికిపోయేసరికి గడ్డి వేళ్లు ఆ ఇసుకను పట్టుకొని ఉంటాయి.

ఇక మీ పొలం సంగతి. సేవణ్ తెచ్చి వేయవద్దని నా స్పష్టమైన సలహా. గుంటూరు ప్రాంతంలో ఏటా పడే వాన 800 మిల్లీమీటర్లకు పైమాటే. పల్నాడు వైపు అంతకన్నా కొంత తక్కువ పడినా, అది సేవణ్ అలవాటు పడిన వానకు రెండు మూడింతలు ఉంటుంది. పైగా ఈ గడ్డికి నీరు నిలిచే నేల అసలు గిట్టదు. మీది రేగడి అయితే ముసురుకు వేరు కుళ్లిపోవచ్చు. ఎడారిలో బతికే మొక్క ఎక్కడైనా బతుకుతుందని మనలో చాలామంది అనుకుంటారు కానీ, అది నిజం కాదు. నీరు తక్కువైతే తట్టుకొనేలా తయారైన మొక్క, నీరు ఎక్కువైన చోట తట్టుకోలేకపోవచ్చు.

మీ మెట్ట ఎర్రనేల అయి, నీరు జారిపోయేలా ఉంటే సేవణ్‌కు బదులు అంజన్ గడ్డి వేసుకోండి. ఇది కూడా దుబ్బు కట్టే బహువార్షికమే, థార్‌లో సేవణ్ పక్కనే పెరిగేదే. అయితే సేవణ్ కన్నా ఎక్కువ వానను తట్టుకుంటుంది. మన సజ్జ, సూపర్ నేపియర్ కూడా దీని ప్రజాతిలోనివే. విత్తడంలో మాత్రం మెలకువ కావాలి. గింజ చుట్టూ మెత్తని కుచ్చు ఉండడం వల్ల గుప్పిట్లోకి తీసుకుంటే ఉండలు కట్టి గొర్రు జడ్డిగంలో దిగదు. అందుకని తడి ఇసుకతో కలిపి, ఎకరాకు సుమారు రెండు కిలోల చొప్పున, రెండడుగుల ఎడం సాళ్లలో తొలకరికి విత్తాలి. పైన మట్టి పలుచగా పడితే చాలు, సెంటీమీటరు లోతు దాటితే మొలక సరిగా పైకి రాదు. అప్పుడే రాల్చిన కొత్త గింజ సరిగా మొలవదు కాబట్టి కనీసం ఆరు నెలలు నిలవ ఉంచిన విత్తనమే అడిగి తీసుకోండి. మొదటి ఏడాది పశువులను అందులోకి తోలకుండా వేరు పట్టనివ్వండి. రెండో ఏటి నుంచి జానెడు మొదలు వదిలి కోసుకోవచ్చు.

పాలిచ్చే గేదెకు ఒక్క గడ్డి సరిపోదు. సాళ్ల మధ్య స్టైలో, గట్ల వెంట దశరథ గడ్డి, అవిశ వంటి పప్పుజాతి మేతలు వేసుకుంటే మాంసకృత్తుల లోటు తీరుతుంది. విత్తనం కోసం ఝాన్సీలోని భారతీయ పచ్చిక బయళ్లు, పశుగ్రాస పరిశోధన సంస్థను గానీ, హైదరాబాదు దగ్గర మామిడిపల్లిలోని ప్రాంతీయ పశుగ్రాస కేంద్రాన్ని గానీ సంప్రదించండి. ఒంగోలు జాతిని కాపాడుతున్న లాం పశు పరిశోధన స్థానం మీకు పక్కనే ఉంది. మట్టి చూపించి, ఏ రకం వేయాలో అక్కడ సలహా తీసుకున్న తరువాతే డబ్బు ఖర్చు పెట్టండి.

ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి. ఈ అంజన్ గడ్డినే పశుగ్రాసం కోసం ఆస్ట్రేలియాకు, అమెరికాకు తీసుకువెళ్లారు. అరిజోనాలోని సోనోరా ఎడారిలో అది అదుపు తప్పి వ్యాపించి, కార్చిచ్చులకు మేతగా మారి, నిప్పును తట్టుకోలేని అక్కడి స్తంభాల్లాంటి పెద్ద పెద్ద సాగ్వారో కాక్టస్ చెట్లను నాశనం చేస్తున్నది. మన దేశంలో ఇది స్థానికమే అయినా, పక్కనున్న అడవి భూమిలోకి విత్తనం చల్లకండి.

ప్రశ్న: ఎడారిలో గడ్డి తగ్గిపోవడం వల్ల బట్టమేక పిట్ట అంతరించిపోతున్నదని చదివాను. ఒక గడ్డికి, ఒక పక్షికి అంత సంబంధం ఉంటుందా?
– ఒక ఉపాధ్యాయిని, విజయవాడ

జవాబు: ఉంటుందమ్మా. బట్టమేక పిట్ట చెట్ల మీద గూడు కట్టదు. బయలు గడ్డినేలలో, మట్టి మీదనే సాధారణంగా ఒక్క గుడ్డు పెడుతుంది. మిడతలు, పేడపురుగులు, గింజలు దాని ఆహారం. సేవణ్ దుబ్బులు ఎడంఎడంగా ఉండడం వల్ల ఆ పెద్ద పక్షి నడవడానికి తావు, పిల్ల దాగడానికి చాటు, తినడానికి పురుగు మూడూ ఒకేచోట దొరుకుతాయి. 1958లో పని మొదలైన ఇందిరా గాంధీ కాలువ జైసల్మేర్ దాకా నీరు తెచ్చింది. రైతుకు అది మేలే, కాదనలేము. అయితే ఆ నీటి వెంట ట్రాక్టరు వచ్చి ఏళ్లనాటి దుబ్బులను వేళ్లతో సహా పెకలించింది. తరువాత వచ్చిన విద్యుత్ తీగలకు, బరువు వల్ల చటుక్కున పక్కకు తిరగలేని ఈ పక్షులు తగిలి చనిపోతున్నాయి. 2021లో సుప్రీంకోర్టు ఉత్తర్వులిచ్చిన వివాదం దీని గురించే.

ఈ కథ మనకు దూరంది కాదు. ఇదే పక్షి కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన రోళ్లపాడు మన రాయలసీమలోనే, నంద్యాల జిల్లాలో ఉంది. అక్కడ సేవణ్ లేదు. మన ద్వీపకల్పపు గడ్డినేలలు సెహిమా, డైకాంథియం అనే వేరే గడ్డి జాతులవి. గడ్డి వేరైనా పక్షికి కావలసింది ఆ బయలే. చుట్టూ పంటల తీరు మారిన తరువాత రోళ్లపాడులో ఆ పిట్ట కనిపించడమే అరుదైపోయింది. నా దృష్టిలో అసలు తప్పు మన రెవెన్యూ రికార్డుల్లోనే ఉంది. చెట్టు లేని ప్రతి గడ్డినేలనూ బంజరు అని రాసుకున్నాము. బంజరు అని రాసిన భూమిని ఎవరికైనా, దేనికైనా ఇవ్వడానికి ఎవరూ వెనుకాడరు. రాజస్థాన్‌లో దేవుడి పేరున వదిలిన ఓరణ్ భూముల్లో ఇంకా సేవణ్ మిగిలి ఉందంటే, అక్కడి పశుపోషకులు వాటిని బంజరుగా చూడకపోవడమే కారణం. జైసల్మేర్ జిల్లాలోని దేగరాయ్ ఓరణ్ కోసం వారు ఇప్పటికీ పోరాడుతున్నారు.

ప్రశ్న: సూర్యలంక వైపు ఇసుక దిబ్బలు ఆగడానికి ఈ ఎడారి గడ్డి వాడవచ్చునా?
– ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: అవసరం లేదు. సముద్రపు ఒడ్డున ఇసుకతో పాటు ఉప్పు గాలి, తుపాను వాన కూడా ఉంటాయి. వాటికి అలవాటు పడిన గడ్డి ఆ తీరంలోనే సహజంగా ఉంది. బంతిలా గుండ్రటి ముళ్ల కంకులతో ఇసుకలో దొర్లుతూ పోయే రావణాసురుడి మీసాలు మీరు చూసే ఉంటారు. దానితో పాటు మేక గిట్టల వంటి ఆకులు, ఊదా పూలు ఉండే తీగ కలిసి అల్లుకున్న చోట ఇసుక కదలదు. ఈ రెండింటినీ పీకి చదును చేయకుండా ఉంటే చాలు. వాటి వెనుక, ఊరి వైపు సరుగుడు వరుసలు వేసుకోవచ్చు.