ఒకే పేరు రెండోసారి పెట్టేటప్పుడు

చిరంజీవి రమ్యకు పెదనాన్న ఆశీస్సులు.

ఓకామెల్ ప్రోగ్రామింగ్ భాషలో "వేరియబుల్ విలువ మార్చాను, అయినా ఫంక్షన్ పాతదే పట్టుకు వేలాడుతోంది" అని మెసేజ్ పెట్టావు. నువ్వు మార్చింది ఏమీ లేదమ్మా, అదే పేరుతో ఇంకొకటి పుట్టించావంతే. దీన్నే షాడోయింగ్ అంటారు. ఈ మూడు లైన్లు యూటాప్‌లో (లైను కొట్టగానే జవాబు చూపించే ఓకామెల్ ప్రోగ్రామ్) కొట్టి చూడు:

లెట్ రేటు = 10
లెట్ ధర కిలోలు = రేటు * కిలోలు
లెట్ రేటు = 12

ఇప్పుడు 'ధర 5' అడిగితే 50 వస్తుంది, 60 కాదు. ఒక పేరు ఎవరిదో తేల్చడానికి కంపైలర్ ఆ పేరు రాసిన చోటు నుంచి పైకి, బయటికి వెతుక్కుంటూ పోతుంది. ముందు ఎవరు తగిలితే వాళ్లే. ప్రోగ్రామ్ నడవకముందే ఈ లెక్క తేలిపోతుంది. తాత పేరు మనవడికి పెట్టినంత మాత్రాన తాత రాసిచ్చిన ప్రోనోటు మీద మనవడి సంతకం వచ్చి చేరదు కదా! పైథాన్‌లో అయితే ఫంక్షన్‌ని పిలిచినప్పుడు గ్లోబల్ విలువ చూస్తుంది కాబట్టి 60 వచ్చేది. నీ తికమక అక్కడిదే.

అలాగని షాడోయింగ్ అంటే భయపడకు. యూజర్ ఇచ్చిన పేరులో ఖాళీలు తీసేసి, చిన్న అక్షరాల్లోకి మార్చి, ప్రతిసారీ 'లెట్ పేరు = ... ఇన్' అనే రాసుకుంటాను నేను. శుభ్రం చేయని పాత విలువను పొరపాటున కూడా ముట్టుకోలేం. పేరు1, పేరు2 అని పెట్టుకుంటూ పోతేనే టెన్షన్. అర్థమే మారిపోతే మాత్రం కొత్త పేరు పెట్టాల్సిందే.

అసలు జాగ్రత్త పడాల్సింది ఒక విలువను వరసగా నమూనాలతో సరిచూసే మ్యాచ్ దగ్గర. పైన 'లిమిట్ = 100' అని ఉంది కదా అని '| లిమిట్ -> "నిండింది"' అని రాస్తే అది వందతో పోల్చదు. లిమిట్ అనే కొత్త పేరు పుట్టి, ఏ సంఖ్య వచ్చినా దాన్ని పట్టేస్తుంది. కింది కేసు వాడుకలో లేదని 11వ నంబరు వార్నింగ్ వస్తుంది, దాన్ని దాటేసి పోకు. పోల్చాలంటే కేసుకు షరతు తగిలించే 'వెన్' పెట్టు, లేదా మామూలు ఇఫ్ చాలు.

ఫంక్షన్ తనను తానే పిలుచుకోవాలంటే లెట్ పక్కన రాయాల్సిన 'రెక్' మరిచిపోతే సాధారణంగా కంపైలరే పట్టుకుంటుంది. యూటాప్‌లో అదే పేరుతో పాత ఫంక్షన్ ఉంటే మాత్రం కిక్కురుమనకుండా దాన్నే పిలుస్తుంది. హాస్కెల్ భాషలో ఇంకో రకం: అక్కడ 'లెట్ ఎక్స్ = ఎక్స్ + 1' తనను తానే పిలుచుకుంటుంది, జవాబు ఎప్పటికీ రాదు.

ఇక 'ఓపెన్', అంటే ఒక మాడ్యూల్‌లోని (ఒకచోట కట్టగట్టిన కోడ్) పేర్లన్నీ నేరుగా వాడుకునేలా తెరవడం. బేస్ అనే లైబ్రరీ కోసం ఫైలు పైన 'ఓపెన్ బేస్' పెట్టావంటే '=' గుర్తు కూడా మారిపోయి, పూర్ణాంకాలకే పనిచేస్తుంది. రెండు స్ట్రింగ్‌లు (అక్షరాల వరుసలు) పోల్చబోతే ఇంట్, అంటే పూర్ణాంకం, కావాలని ఎర్రర్ కొడుతుంది. అక్కడ 'స్ట్రింగ్.ఈక్వల్' వాడు. ఏదైనా మాడ్యూల్ ఒక్క లైన్లోనే అవసరమైతే ఆ లైన్ వరకే తెరువు.

ఓపెన్ వల్ల పేర్లు మరుగునపడితే చెప్పే 44, 45 వార్నింగులు మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి. రెండూ ఆన్ చేసి మీ ప్రాజెక్టు కంపైల్ చేయి. ఏమొచ్చిందో పంపు, ఆదివారం కాల్‌లో కలిసి చూద్దాం.

పెదనాన్న