మానేసేవాళ్లు ఫారంలో నిజం రాయరు

మందుల కంపెనీలో ప్రొడక్షన్ వాళ్లు ఏడాది తిరక్కుండానే మానేస్తున్నారు, జీతం పెంచినా ఆగట్లేదు, హెచ్ఆర్ ఏం చేయాలని అడిగారు. షిఫ్ట్ చార్టు తెప్పించుకుని చూడండి. హైదరాబాద్ దగ్గర పాశమైలారం వైపు ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ప్లాంటులో చాలాకాలం హెచ్ఆర్‌లో చేశాను. జీతం కోసం మానేసేవాళ్లు తక్కువ. షిఫ్ట్ ఇన్‌ఛార్జిని భరించలేక పోయేవాళ్లే ఎక్కువ.

శ్రీకాకుళం వైపు కుర్రాడొకడు ఉండేవాడు. బీఎస్సీ కెమిస్ట్రీ, పనిలో వంక పెట్టడానికి ఉండేది కాదు. రాజీనామా ఇచ్చాడు. ఎగ్జిట్ ఫారంలో ‘వ్యక్తిగత కారణాలు’ అని రాశాడు. అంతకన్నా ఏం రాస్తాడు? ఆ ఫారం మీద సంతకం పెట్టాల్సింది ఆ ఇన్‌ఛార్జే! గేటు బయట టీకొట్టు దగ్గర పట్టుకుని, ‘‘ఏం తమ్ముడూ, అక్కడ ఎంత ఇస్తామన్నారు?’’ అని అడిగా.

‘‘ఇక్కడికంటే ఐదొందలు తక్కువే సార్.’’

మెల్లగా చెప్పుకొచ్చాడు. అక్క పెళ్లికి నెల ముందే లీవు పెట్టాడట. ఆడిట్ వస్తోందని రెండు రోజుల ముందు క్యాన్సిల్ చేశారు. ‘‘ముహూర్తం టైముకి నైట్ సి షిఫ్టులో రియాక్టర్ దగ్గర రీడింగులు రాస్తున్నా సార్. ఆ ఆడిట్ వాయిదా పడిందట, అదీ నాకెవరూ చెప్పలేదు.’’

ఆ తర్వాత మేనేజ్‌మెంటుతో గొడవపడి ఒక్కటి సాధించాం. మంజూరైన లీవు రద్దు చేయాలంటే ప్లాంట్ హెడ్ సంతకం ఉండాలి, ఇన్‌ఛార్జి నోటిమాట చెల్లదు. లీవుల రద్దు చాలావరకు ఆగిపోయింది, రాజీనామాలూ తగ్గాయి. ఒకడు పోతే పోయేది ఒకడే అనుకుంటారు గానీ, కొత్తగా చేరినవాడిని ఎస్ఓపీ (ఏ పని ఎలా చేయాలో రాసిపెట్టిన పద్ధతి) ట్రైనింగ్ అవకుండా బ్యాచ్ మీద ఒంటరిగా వదల్లేం. అప్పటిదాకా మిగిలినవాళ్లు డబుల్ డ్యూటీలు చేస్తారు. విసుగొచ్చి వాళ్లూ పోతారు.

దీనికి మందు అని పుట్టినరోజు కేకులు, ఆదివారం క్రికెట్ మ్యాచులు పెట్టే హెచ్ఆర్‌లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఉన్న ఒక్క వీక్లీ ఆఫ్ కూడా మీకే ఇవ్వాలా? సర్టిఫికెట్ల ఒరిజినల్స్ దగ్గర పెట్టుకుని ఆపే కంపెనీల గురించైతే మాట్లాడకపోవడమే మంచిది.

పోయేవాడి డబ్బుల సంగతి ఇంకా అన్యాయం. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం మానేసినవాడి జీతం బకాయి రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. ఇప్పటికీ నెలన్నర తిప్పేవాళ్లున్నారు. అలా తిరిగేవాడు పటాన్‌చెరులో ఒకే రూములో నలుగురైదుగురితో ఉంటాడు, వాళ్లందరూ ఇలాంటి ప్లాంట్లలోనే పనిచేస్తారు. మీ వాకిన్ ఇంటర్వ్యూలకి ఎవరూ రాకపోతే ఆశ్చర్యమేముంది? రేపు ఆఫీసుకెళ్లగానే అకౌంట్స్ వాళ్ల దగ్గర ఎవరెవరి సెటిల్‌మెంట్లు ఆగి ఉన్నాయో కనుక్కోండి. జీతాల పెంపు ఫైలు తర్వాత చూసుకోవచ్చు.