కాలిపోయిన చెక్క పడవ బదులు మళ్ళీ చెక్కదే చేయించాలా, ఫైబర్‌ది కొనాలా?

మీ నాన్నగారి చెక్క పడవ కాలిపోయిందని, ఇప్పుడు ఏ పడవ తీసుకోవాలో తెలియడం లేదని రాశారు. మాది సూళ్ళూరుపేట వైపు పులికాట్ సరస్సు ఒడ్డు ఊరు. మా తాత పడవా మంటల్లోనే పోయింది. అందుకే రాస్తున్నా.

ఆ పడవను తాత పెళ్ళయిన కొత్తలో, వడ్రంగిని ఇంట్లోనే పెట్టుకుని చేయించాడట. పలకలు మామిడివి, లోపల పలకల్ని పట్టి ఉంచే వంపు కర్రలు, అంటే వంకీలు, వేపవి. పలకల సందుల్లో దూది కుక్కి, గుగ్గిలం నూనెలో కాచి పూసేవాళ్ళు. తాత తర్వాత నాయన, చిన్నాన్న దాని మీదే రొయ్యలు, పీతలు పట్టి మమ్మల్ని చదివించారు. ఇరకం దీవి నుంచి పురిటినొప్పుల మనిషిని రాత్రికి రాత్రి గెడ వేసుకుంటూ ఒడ్డుకు చేర్చింది కూడా అదే.

ఎండాకాలం మా వైపు సరస్సు వెనక్కి పోతుంది. శ్రీహరికోట రోడ్డుకు అటూ ఇటూ నేల నెర్రెలిస్తుంది. ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతుంటే సముద్రపు నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి? రాయదొరువు ముఖద్వారం దగ్గర పూడిక తీస్తారని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. సరే, ఆ ఏడు కూడా పడవను పైకి లాగి, తాటాకు పాక కింద బోర్లించారు. పక్క చేలో ఎవరో చిల్లకంపకు నిప్పు పెట్టారు. మధ్యాహ్నం గాలి తిరిగింది. ముందు తాటాకు అంటుకుంది, ఆ వెంటనే పడవ. పలకలు ఏళ్ళ తరబడి తాగిన నూనె, గుగ్గిలం ఒక్కసారిగా భగ్గుమన్నాయి. సరస్సులో నీళ్ళు ఎక్కడో ఉన్నాయి. ఆడవాళ్ళు బోరింగు నుంచి బిందెలు అందించారు, మగవాళ్ళు మట్టి ఎత్తి పోశారు. నాయన అణియం (పడవ ముందు కొన) పట్టుకుని లాగబోతే చిన్నాన్న నడుము పట్టి గుంజాడు, "వదిలెయ్ అన్నా, పడవ పోతే పోనీ" అంటూ. నైలాన్ వలలు కరిగి ముద్దయిపోయాయి.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. నష్టం రాసుకోవడానికి వచ్చినాయన పడవ నెంబరు అడిగాడు. లేదు. కొన్న రసీదు అడిగాడు. వడ్రంగికి అన్నం పెట్టి చేయించిన పడవకు రసీదెక్కడిది? ఊరంతా సాక్ష్యం చెప్పింది, కాగితం మీద మాత్రం ఆ పడవ ఎన్నడూ లేదు. మాకు ఒక్క రూపాయి రాలేదు. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పడవలు తగలబడితే ప్రభుత్వం విలువలో 80 శాతం పరిహారం ప్రకటించింది. అవి లెక్కల్లో ఉన్న మరపడవలు కాబట్టే అంత తొందరగా తేలిందని నా నమ్మకం. నాటుపడవ కాలితే పేపర్లో నాలుగు లైన్లు కూడా రావు. 2022లో మేం నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చాం. తిరుపతిలో నాతో పనిచేసేవాళ్ళలో చాలామందికి తమ జిల్లాలో జాలర్లున్నారనే తెలియదు.

ఇక మీ ప్రశ్న. 2004 సునామీ తర్వాత సంస్థలు ఊరూరా ఫైబర్ పడవలు పంచాయి, చెక్క పని చేసే చేతులకు పని లేకుండా పోయింది. గెడ వేసే లోతులో, గాలి విసురుకు, చెక్క పడవ నిలిచినట్టు ఫైబర్‌ది నిలవదు. మంచి వడ్రంగి దొరికితే చెక్కదే చేయించండి. దొరక్కపోతే ఫైబర్‌ది తీసుకోండి, అదీ నిప్పంటుకుంటే కాలిపోయేదే. ఏది తీసుకున్నా నీళ్ళలో దించకముందే మత్స్యశాఖలో రిజిస్ట్రేషన్ చేయించి నెంబరు రాయించండి. నెంబరు కనిపించేలా నాలుగు వైపులా ఫోటోలు తీయండి. కలప ఎక్కడ కొన్నారు, ఎంతయింది, ఎవరు చేశారు అన్నీ ఒక నోటుబుక్కులో రాసి వడ్రంగి సంతకం పెట్టించండి. ఎండాకాలం పడవను తాటాకు పాక కింద మాత్రం పెట్టకండి, తడి గోనెసంచులు కప్పండి. పలకలు కూడా పగలవు.